ముస్తఫా క్యాబినెట్ మానిటర్‌లో అడ్డంగా ఒకటే గీత – కె7000 తెలిసినవాళ్లు చూడండి

ఎడిసన్ కుర్రాడు | ఆదివారం
అందరికీ నమస్కారం. న్యూజెర్సీలో ఉంటాను. చిన్నప్పుడు గుంటూరులో జేబులో రూపాయి బిళ్ల పెట్టుకుని వీడియో గేమ్ షాపు ముందు గంటలు గంటలు నిలబడ్డ బ్యాచ్. ఆ పిచ్చి వదలక రెండేళ్ల కింద ఇక్కడ ఒకాయన బేస్‌మెంట్ ఖాళీ చేస్తుంటే పాత ఆర్కేడ్ క్యాబినెట్ ఒకటి కొన్నాను. లోపల ఉన్నది క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్ బోర్డు, అదే, మన భాషలో ముస్తఫా. మానిటర్ 19 అంగుళాల వెల్స్ గార్డ్‌నర్ కె7000.

నెల రోజులుగా తెర పైభాగంలో ఓ రెండు అంగుళాల మేర బొమ్మ మడత పడ్డట్టు కనిపిస్తోంది. స్కోరు అంకెలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుంటాయి, వాటి మీదుగా సన్నటి తెల్ల గీతలు. ఓ పావుగంట వేడెక్కాక తగ్గిపోయేది, అందుకని నేనూ పెద్దగా పట్టించుకోలేదు. నిన్న రాత్రి మావాడు రెండో బాస్ దగ్గర ఉండగా బొమ్మ మొత్తం పైనుంచీ కిందనుంచీ నలిగిపోయి మధ్యలో అడ్డంగా ఒక తెల్ల గీత మిగిలింది. సౌండ్ బాగానే వస్తోంది, కాయిన్ వేస్తే క్రెడిట్ పడుతున్న చప్పుడు కూడా వినిపిస్తోంది. బొమ్మే లేదు. మల్టీమీటర్ ఉంది, సోల్డరింగ్ కొద్దిగా వచ్చు, పిక్చర్ ట్యూబ్ అంటే మాత్రం భయం. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

రెట్రో రాజు | ఆదివారం
ఫ్లైబ్యాక్ పోయింది బ్రో, డౌటే లేదు. నా మానిటర్‌కీ అదే పోయింది. ఈ పాత డబ్బాల మీద డబ్బులు తగలేసే బదులు ఎల్‌సీడీ పెట్టేయ్, పీడా పోతుంది.

పాత టీవీల మేష్టారు | ఆదివారం
ఎడిసన్ అబ్బాయ్, ముందు ఆ గీతని అలా వెలగనీకు. తెర మీద పడాల్సిన కిరణమంతా ఇప్పుడు ఒకే గీత మీద పడుతోంది. పది నిమిషాలు వదిలేస్తే అక్కడి ఫాస్ఫర్ (తెర లోపల వెలిగే పూత) మాడిపోయి రేపు మానిటర్ బాగుపడ్డా ఆ మచ్చ పోదు. ఈహెచ్‌టీ (రాజు గారు ఫ్లైబ్యాక్ అన్నది దీన్నే, ట్యూబ్‌కి హై వోల్టేజ్ ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్) మీద రెండు మరలుంటాయి, పైది ఫోకస్, కిందది స్క్రీన్. కిందదాని ఇప్పటి స్థానానికి పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుని, గీత కనీకనపడనంత వరకు తగ్గించు. అసలు పని లేనప్పుడు ఆఫ్ చేసి ఉంచడం ఇంకా మంచిది.

నేను తెనాలిలో 31 ఏళ్లు టీవీలు బాగు చేశాను. కె7000 నేనెప్పుడూ కళ్లతో చూడలేదు, మీ పోస్టు చదివాక సర్క్యూట్ డయాగ్రమ్ వెతికి చూశాను. వర్టికల్ ఐసీ (బొమ్మని పైకీ కిందకీ సాగదీసే చిప్) చూస్తే నవ్వొచ్చింది, ఎల్‌ఏ7830. ఏడు కాళ్ల పురుగు. మా షాపులో దాన్ని ఎన్నిసార్లు మార్చానో లెక్క లేదు. మన టీవీల్లో లైన్ ఫ్రీక్వెన్సీ సెకనుకు 15,625 గీతలు, మీ ఆర్కేడ్‌లో 15,750 దరిదాపుల్లో ఉంటుంది. అంటే డబ్బా అమెరికాదే కానీ లోపలి కాపురం మనకు తెలిసిందే.

రాజు గారూ, ఫ్లైబ్యాక్ పోతే గీత కూడా ఉండదు కదండీ. గీత వెలుగుతోందంటే ఈహెచ్‌టీ వోల్టేజ్ తయారవుతోంది, అది ఎడమ నుంచి కుడికి నిండుగా ఉందంటే హారిజాంటల్ కూడా పని చేస్తోంది. బొమ్మని పైకీ కిందకీ సాగదీసేవాడే చేతులెత్తేశాడు. అదే గీత నిలువుగా వచ్చి ఉంటే అప్పుడు హారిజాంటల్ వైపు వెతుక్కోవాలి.

రెట్రో రాజు | ఆదివారం
అది కరెక్టే మేష్టారూ, గీత అన్న మాట సరిగ్గా చదవలేదు. నాది పూర్తిగా నల్ల తెర. కానీ ఎల్‌సీడీ మాట మీద మాత్రం నేను తగ్గను.

సర్క్యూట్ సుజాత | సోమవారం
ఎల్‌సీడీ పెట్టినా ఈ బోర్డు నుంచి వచ్చేది 15 కిలోహెర్ట్జ్ సిగ్నల్, మామూలు పీసీ మానిటర్లు ఎక్కువగా 31 కిలోహెర్ట్జ్ కంటే తక్కువ తీసుకోవు. మధ్యలో కన్వర్టర్ పెట్టాలి, కొన్ని కన్వర్టర్లతో బటన్ నొక్కాక దెబ్బ పడటానికి లేటవుతుంది. ముస్తఫాలో అది భరించలేం. ట్యూబ్ బాగుంటే ట్యూబే ఉంచుకోండి.

ఎడిసన్ అన్నయ్యా, మీరు మొదట చెప్పిన మడత గురించి ఒక మాట. పైన మడత, దాని మీద తెల్ల గీతలు, వేడెక్కితే తగ్గడం, ఈ మూడూ కలిస్తే లోపలి ద్రవం ఎండిపోయిన ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ అనే అనుమానించాలి. ఎల్‌ఏ7830 ఒక ఫ్రేమ్ గీయడం అయిపోయాక కిరణాన్ని కింద నుంచి పైకి చటుక్కున లాగాలి, దానికి 24 వోల్టులు చాలవు. అందుకే 3వ కాలికీ 7వ కాలికీ మధ్య ఒక కెపాసిటర్ పెట్టి ఆ కాసేపూ వోల్టేజ్‌ని దాదాపు రెట్టింపు చేస్తారు. ఆ కెపాసిటర్ ఎండిపోతే కిరణం టైముకి పైకి చేరదు, ఈలోగా కొత్త బొమ్మ మొదలైపోతుంది, పై గీతలన్నీ ఒకదాని మీద ఒకటి పడతాయి. అదే మీకు మడతలా కనపడింది.

పాత టీవీల మేష్టారు | సోమవారం
సుజాతమ్మ చెప్పిందే. మేము మాత్రం 'తల మడత' అనేవాళ్లం. కస్టమర్ 'పైన న్యూస్ చదివేవాళ్ల తల వంగిపోతోందండీ' అని తెచ్చేవాడు. అప్పుడే ఆ కెపాసిటర్ మార్పించుకుంటే తక్కువలో పోయేది. రెండు నెలలు అలాగే చూస్తే ఐసీ కూడా పట్టుకుపోయేది. ఇందులో కంపెనీ తప్పేమీ లేదు, ముప్పై ఏళ్లు ఈహెచ్‌టీ వేడికి కాగిన కెపాసిటర్ ఇంకెలా ఉంటుంది?

ఇప్పుడు కొలతలు. ఎడం చెయ్యి జేబులో పెట్టుకుని ఒక్క చేత్తోనే మీటర్ పట్టుకోవడం అలవాటు చేసుకో. నల్ల ప్రోబ్‌కి క్లిప్పు తగిలించి మానిటర్ బోర్డు గ్రౌండ్‌కి పట్టించు, క్యాబినెట్ ఇనుముకి కాదు. ఎర్ర ప్రోబ్‌తో మూడు చోట్ల చూడు.
మొదట బీ ప్లస్, అంటే మానిటర్ బోర్డు మెయిన్ సప్లై, అది 130 వోల్టులు ఉండాలి.
తర్వాత ఐసీ 6వ కాలు, 24 దగ్గర ఉండాలి.
ఆఖరున 2వ కాలు, అదే అవుట్‌పుట్, అందులో సగం దగ్గర ఉండాలి.
కాళ్లు బాగా దగ్గరగా ఉంటాయి, ప్రోబ్ జారి రెండు కాళ్లు కలిస్తే అక్కడికక్కడే ఐసీ గోవిందా. ప్రోబ్ మొనకి ప్లాస్టిక్ తొడుగు వేసి కొస మాత్రమే బయట ఉంచు.

కోఠి కిరణ్ | సోమవారం
మధ్యలో దూరుతున్నందుకు సారీ. నేను హైదరాబాద్‌లో ఇలాంటిదే ఒక మానిటర్ కొన్నాను, దుబాయ్ నుంచి వచ్చిన పాత సామానులో దొరికింది. 110 వోల్టులది. మిక్సీలకి వాడే స్టెప్‌డౌన్ ఉంది కదా, దానికి తగిలిస్తే సరిపోతుందా?

సర్క్యూట్ సుజాత | సోమవారం
వద్దు కిరణ్. ఆ చవక స్టెప్‌డౌన్‌లు చాలావరకు ఆటో ట్రాన్స్‌ఫార్మర్లు, అవి వోల్టేజ్ తగ్గిస్తాయి కానీ మెయిన్స్ నుంచి విడదీయవు. కె7000 లాంటి మానిటర్ల గ్రౌండ్ నేరుగా మెయిన్స్‌తో సంబంధం ఉన్న గ్రౌండ్. క్యాబినెట్‌లో అయితే ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ విడిగా ఉంటుంది కాబట్టి బతికిపోతాం. అది లేకుండా గేమ్ బోర్డు కలిపావంటే బోర్డు పోవచ్చు, ముట్టుకుంటే నువ్వూ పోవచ్చు. ప్రైమరీ, సెకండరీ చుట్లు వేరువేరుగా ఉండే 230 నుంచి 120 ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ చుట్టించుకో. రాణిగంజ్‌లో చుట్టేవాళ్లు దొరుకుతారు, 200 వాట్లకి తగ్గకుండా చెప్పు.

కోఠి కిరణ్ | సోమవారం
అమ్మో. థాంక్యూ అక్కా. ఇవాళే తగిలిద్దాం అనుకున్నాను.

ఎడిసన్ కుర్రాడు | మంగళవారం
కొలిచాను, చేతులు వణికాయి కానీ ఏమీ కాలలేదు. బీ ప్లస్ 129.6. ఐసీ 6వ కాలు 0.3. 2వ కాలు సున్నా. ఐసీ మీద వేలు పెట్టి చూశాను (ఆఫ్ చేశాకే), అసలు వేడే లేదు.

పాత టీవీల మేష్టారు | మంగళవారం
చల్లగా ఉండకేం చేస్తుంది, దానికి తిండి అందడం లేదు. ఆ 24 వోల్టులు ఈహెచ్‌టీ నుంచే ఒక డయోడ్, ఒక ఫ్యూజబుల్ రెసిస్టర్ (కరెంట్ ఎక్కువైతే ఫ్యూజులా తెగిపోయేది) దాటి వస్తాయి. ఆ రెసిస్టర్ ఓపెన్ అయి ఉంటుంది. వాసన చూడు. నవ్వొద్దు, నిజంగానే ముక్కు దగ్గర పెట్టి చూడు.

అయితే రెసిస్టర్ ఒక్కటే మార్చి ఆన్ చేయకు. అది ఊరికే ప్రాణం తీసుకోలేదు, అవతల ఏదో ఎక్కువ కరెంట్ లాగింది. సెట్ ఆఫ్ చేసి, ట్యూబ్‌లో మిగిలిన చార్జి డిశ్చార్జ్ చేశాక ఐసీ 2వ కాలికీ 1వ కాలికీ మధ్య, 6వ కాలికీ 1వ కాలికీ మధ్య ఓమ్స్ చూసి చెప్పు.

డిశ్చార్జ్ ఎలాగంటే, ట్యూబ్ వీపు మీద నల్లటి రంగు పూత మీదుగా జడలా అల్లిన తీగ ఒకటి లాగి కట్టి ఉంటుంది. పొడుగాటి స్క్రూడ్రైవర్ కడ్డీకి క్లిప్పు వైరు ఒక కొస కట్టు, రెండో కొస ఆ జడకి పట్టించు. అది ఊడదని రెండుసార్లు లాగి చూసుకున్నాకే స్క్రూడ్రైవర్ మొనని, ఈహెచ్‌టీ లావు వైరు ట్యూబ్‌కి తగిలే చోట ఉండే రబ్బరు టోపీ కిందకి దూర్చాలి. టక్ మంటుంది, ఒక్కోసారి అనదు. ఐదు నిమిషాలాగి మళ్లీ చెయ్యి, ట్యూబ్‌లో కొంచెం చార్జి తిరిగి ఊరుతుంది. కలర్ ట్యూబ్‌లో ఇరవై వేల పైచిలుకు వోల్టులుంటాయి. షాక్ కొట్టడం ఒక ఎత్తైతే, ఆ ఉలికిపాటుకి చెయ్యి వెనక్కి లాగి ట్యూబ్ మెడ విరగ్గొట్టుకునేవాళ్లే ఎక్కువ. మా దగ్గర పని నేర్చుకున్న కుర్రాడు అలా ఒక కొత్త శామ్‌టెల్ ట్యూబ్ మెడ విరిచాడు. బుస్ మని గాలి లోపలికి పోయిన చప్పుడు, ఆ తర్వాత షాపంతా నిశ్శబ్దం. ఆ నెల నాకు మిగిలింది టీ ఖర్చే.

ఎడిసన్ కుర్రాడు | బుధవారం
మేష్టారూ, ముక్కు పని చేసింది. ఐసీ పక్కనే ఉన్న ఒక రెసిస్టర్ మీద రంగు చారలు కూడా కనపడనంతగా మాడింది, కాలిన బెల్లం వాసన. మీటర్‌లో ఓపెన్. 2కీ 1కీ మధ్య మీటర్ కూత పెడుతోంది, 0.8 ఓమ్. 6కీ 1కీ మధ్య అలా లేదు. ఐసీ పోయినట్టేనా?

పాత టీవీల మేష్టారు | బుధవారం
పోయినట్టే. అనుమానం తీరాలంటే యోక్ (ట్యూబ్ మెడ చుట్టూ ఉండే తీగ చుట్టలు) కనెక్టర్ పీకి మళ్లీ కొలువు, అప్పటికీ షార్టే చూపిస్తే ఐసీయే. అలాగే పీకిన యోక్ వర్టికల్ చుట్టు కూడా కొలువు, కొన్ని ఓమ్‌లు చూపిస్తే చాలు, ఓపెన్ కాకూడదు. తిరిగి పెట్టకుండా మాత్రం ఆన్ చేయకు.

ఐసీ, ఫ్యూజబుల్ రెసిస్టర్, వర్టికల్ చుట్టుపక్కల ఉన్న ఎలక్ట్రోలైటిక్స్ అన్నీ కలిపి తెప్పించు. కెపాసిటర్లు 105 డిగ్రీల వేడి తట్టుకునేవి. రెసిస్టర్ విలువ డయాగ్రమ్‌లో చూసుకో, అక్కడ మామూలు రెసిస్టర్ గానీ తీగ ముక్క గానీ పెట్టకు. మళ్లీ ఏదైనా షార్ట్ అయితే ఈసారి మాడేది ఈహెచ్‌టీ.

కోఠి కిరణ్ | బుధవారం
ఐసీ ఎక్కడ కొంటున్నారో చూసుకోండి అన్నా. ఇక్కడ గుజరాతీ గల్లీలో నేను ఓసారి అలాంటిదే కొంటే పైన ప్రింటింగ్ గోరుతో గీకితే వచ్చేసింది. బరువు కూడా తేడా. పది నిమిషాలు పని చేసి పోయింది.

ఎడిసన్ కుర్రాడు | శనివారం
ఐసీ, రెసిస్టర్ ఇవాళ వచ్చాయి, కెపాసిటర్ల పార్సెల్ మంగళవారం అంటున్నాడు. వీకెండ్ కదా, ఆగలేక ఐసీ, రెసిస్టర్ వేసేశాను. హీట్‌సింక్ తుడిచి కొత్త పేస్ట్ కూడా రాశాను. బొమ్మ వచ్చింది!!! ఇంట్లో అందరూ కిందకి పరిగెత్తుకొచ్చారు. కానీ పైన తల మడత అలాగే ఉంది, నిజం చెప్పాలంటే ఇదివరకటి కంటే ఎక్కువే. నాలుగు నిమిషాలకి ఐసీ పక్కన చెయ్యి పెట్టలేనంత వేడి.

పాత టీవీల మేష్టారు | శనివారం
ఆఫ్ చెయ్యి. ఇప్పుడే.

కెపాసిటర్లు వచ్చేదాకా దాని జోలికి వెళ్లకు నాయనా. పాత ఐసీని చంపినవాడి పక్కనే కొత్తదాన్ని కూర్చోబెట్టావు. ఒకందుకు మంచిదే, రోగం ఎక్కడుందో నీకు నువ్వే చూసుకున్నావు. ఈసారి మొదటిసారి ఆన్ చేసేటప్పుడు సీరీస్ బల్బు (మానిటర్‌కి వెళ్లే కరెంటు దారిలో వరసగా కలిపే బల్బు) పెట్టుకో. 100 వాట్ల పాతకాలం బల్బు, ఎల్‌ఈడీ కాదు. డీగాస్ కాయిల్ (ఆన్ చేయగానే ట్యూబ్‌కి పట్టిన అయస్కాంతాన్ని తీసేసే చుట్ట) వల్ల మొదట్లో ఒక్క క్షణం బాగా వెలిగి తర్వాత తగ్గుతుంది, కంగారు పడకు. నిండుగా వెలిగి అలాగే ఉండిపోతే షార్ట్ ఉన్నట్టు. బల్బుతో బొమ్మ సరిగ్గా రాదు, అది షార్ట్ చూడటానికే. తగ్గాక తీసేసి నేరుగా పెట్టు.

రెట్రో రాజు | శనివారం
నాలుగు నిమిషాల ఆనందానికి కొత్త ఐసీ. ఎల్‌సీడీ అన్నాను కదా 😄

ఎడిసన్ కుర్రాడు | బుధవారం
రాజు గారూ, ఉడికించకండి. నిన్న రాత్రి కెపాసిటర్లు అన్నీ మార్చాను, ప్లస్ మైనస్ ప్రతిదీ ఫోటో తీసుకుని మరీ వేశాను. బల్బు ఒక్క క్షణం వెలిగి తగ్గింది, తీసేసి నేరుగా పెట్టాను. తల మడత పూర్తిగా పోయింది. 6వ కాలు 24.2, 2వ కాలు 12.9. అరగంట నడిచాక కూడా ఐసీ దగ్గర చెయ్యి పెట్టగలుగుతున్నాను. బొమ్మ కొంచెం పొట్టిగా వస్తే చిన్న కంట్రోల్ బోర్డు మీద వర్టికల్ సైజు తిప్పి సర్దాను.

ఇప్పుడు కొత్త గొడవ. ఎరుపు లేదు. మంటలు, ఎర్ర అక్షరాలు ఏవీ లేవు, అందరి ముఖాలూ పాచి పట్టినట్టు ఉన్నాయి. శనివారం ఎరుపు ఉంది. గేమ్ బోర్డు పోయిందేమోనని టెన్షన్‌గా ఉంది.

సర్క్యూట్ సుజాత | బుధవారం
బోర్డుని అప్పుడే అనుమానించకండి. మానిటర్‌కి వచ్చే వీడియో కనెక్టర్‌లో ఎరుపు, ఆకుపచ్చ తీగలు అటుదిటు మార్చి చూడండి. తీగలు మార్చాక కూడా తెర మీద ఎరుపే లేకపోతే గేమ్ బోర్డు మంచిదే, తేడా మానిటర్‌లో ఉంది. ఎరుపు వచ్చి ఆకుపచ్చ మాయమైతే తేడా బోర్డులోనో వైరింగ్‌లోనో ఉంది, అప్పుడు జామా కనెక్టర్ (గేమ్ బోర్డుని క్యాబినెట్ వైర్లకి కలిపేది) 12వ పిన్ దగ్గర నుంచి చూసుకుంటూ రావాలి. మార్చేముందు ఆఫ్ చేయడం మర్చిపోవద్దు.

వేరే విషయం, మర్చిపోయేలోపు చెప్పేస్తాను. ఆ బోర్డు క్యాప్‌కామ్ 1993 నాటిది, క్యూసౌండ్ అనే స్టీరియో సౌండ్ ఉన్న రకం. అందులో బ్యాటరీ ఉంటుంది. అది పూర్తిగా దిగిపోతే చిప్‌లో దాచిన సమాచారం పోయి బోర్డు సరిగ్గా నడవదు. పాతదైతే, వోల్టేజ్ ఎలా ఉందో చూసి, ఎలా మార్చాలో పూర్తిగా చదివాకే ముట్టుకోండి.

ఎడిసన్ కుర్రాడు | గురువారం
తీగలు మార్చాను. ఎరుపు అప్పటికీ లేదు. ఎర్రగా ఉండాల్సినవి మాత్రం పచ్చగా వెలిగాయి. అంటే బోర్డు బతికే ఉందన్నమాట, సగం ప్రాణం లేచొచ్చింది. బ్యాటరీ సంగతి తెలియదు, థాంక్స్ చెల్లెమ్మా, ఆదివారం చూస్తాను.

పాత టీవీల మేష్టారు | గురువారం
కెపాసిటర్లు వేసేటప్పుడు ట్యూబ్ మెడ మీది చిన్న బోర్డు పీకావు కదూ? ముప్పై ఏళ్లు కదలని బోర్డు అది. భూతద్దం తీసుకుని దాని వెనకాల పిన్నులన్నీ చూడు. డ్రై సోల్డర్ (పట్టు వదిలిన అతుకు) ఉంటుంది, పిన్ను చుట్టూ వెంట్రుక వాసి నల్లటి ఉంగరంలా కనపడుతుంది. అన్ని పిన్నులకీ పాత సోల్డర్ తీసి కొత్తది పెట్టు, పాతదాని మీదే ఐరన్ ఆనించి వదిలేయకు.

ఎడిసన్ కుర్రాడు | గురువారం
మేష్టారూ, మీకు దూరదృష్టి ఉందా ఏమిటి! పెద్ద బోర్డు నుంచి వచ్చే కనెక్టర్‌లో మూడో పిన్ను, సరిగ్గా మీరు చెప్పిన ఉంగరమే. వేలితో పిన్ను కదిపితే సోల్డర్ గుంటలో అది విడిగా ఆడుతోంది. అన్నీ కొత్తగా సోల్డర్ పెట్టాను. ఎరుపు వచ్చింది. ముస్తఫా క్యాడిలాక్ ఎక్కి గుద్దుకుంటూ పోతున్నాడు, మావాడు పక్కన నిలబడి నా చేతిలోంచి స్టిక్ లాక్కుంటున్నాడు.

కింది ఎడమ మూలలో ఆకుపచ్చ మచ్చ ఒకటి ఉంది, అది?

సర్క్యూట్ సుజాత | గురువారం
పక్కన స్పీకర్ విప్పి పెట్టారా?

ఎడిసన్ కుర్రాడు | గురువారం
😐 పెట్టాను.

సర్క్యూట్ సుజాత | గురువారం
దూరంగా తీసి, మానిటర్ ఆఫ్ చేసి అరగంట చల్లారనిచ్చి ఆన్ చేయండి. డీగాస్ కాయిల్ వేడి చల్లారితేనే మళ్లీ పని చేస్తుంది, వెంటవెంటనే ఆన్ ఆఫ్ చేస్తే లాభం లేదు. రెండు మూడుసార్లకి పోతుంది.

పాత టీవీల మేష్టారు | శుక్రవారం
తీసేసిన ఆ 3, 7 కాళ్ల మధ్య కెపాసిటర్ పారేశావా, ఉందా? ఉంటే కొలిచి చెప్పు.

ఎడిసన్ కుర్రాడు | శుక్రవారం
ఉంది మేష్టారూ. మచ్చ కూడా పోయింది. కెపాసిటర్ మీద రాసింది 100 మైక్రోఫ్యారడ్, మీటర్ చూపిస్తున్నది 3. అడుగున రబ్బరు కాస్త ఉబ్బి ఉంది, బోర్డు మీద అది కూర్చున్న చోట గోధుమరంగు జిడ్డు.

పాత టీవీల మేష్టారు | శుక్రవారం
ఆ జిడ్డు స్పిరిట్‌తో తుడిచెయ్యి, వదిలేస్తే రాగి గీతలు తినేస్తుంది. కొత్త కెపాసిటర్‌ని హీట్‌సింక్‌కి ఆనకుండా కొంచెం అవతలికి వంచు.